ఒక్క బిడ్డతో మొదలుపెట్టండి: స్పెషల్ బీఈడీ ప్రాక్టికల్స్, రికార్డులు ఎలా చేయాలి

పోయిన నెల ఒక స్పెషల్ బీఈడీ (వైకల్యాలున్న పిల్లలకు బోధించే టీచర్ల కోర్సు) విద్యార్థిని, అలాంటి పిల్లల కోసం నడిచే మా భవిత కేంద్రానికి వచ్చింది. అనంతపురం బస్టాండులో దిగి, షేర్ ఆటో పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో మా మండలం చేరింది. చేతిలో సీనియర్ రాసిన ఐఈపీ (ఒక్కో బిడ్డకు విడిగా వేసే బోధనా ప్రణాళిక) రికార్డు ఉంది. "మేడం, ఒక పిల్లవాడి వయసు, సదరం పర్సెంటేజీ చెప్పండి చాలు, మిగతాది దీన్ని చూసి రాసుకుంటా" అంది. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చూసి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్. సబ్మిషన్‌కు పది రోజులే ఉంది, ముఖంలో టెన్షన్ తెలుస్తోంది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఈ కోర్సులో రాతపని ఎక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోతే ఎవరైనా సీనియర్ రికార్డే వెతుక్కుంటారు.

అయితే ఆ రికార్డులోని పిల్లవాడు మూడు నెలల్లో పన్నెండు లక్ష్యాలూ సాధించేశాడు. చదువుతుంటే నాకు బాధ కలిగింది. అలా రాసిన టీచర్ ముందుకు రేపు నిజమైన పిల్లవాడు వచ్చి, ఆరు నెలలైనా చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

అందుకే ఆ రోజు ఆమెకు చెప్పిన పద్ధతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కోర్సు మొత్తానికి ఒక్క బిడ్డను ఎంచుకోండి. కేస్ స్టడీ, అసెస్‌మెంట్, ఐఈపీ, లెసన్ ప్లాన్, టీఎల్‌ఎం (బోధనా సామగ్రి), థియరీ అసైన్‌మెంట్లలో ఇచ్చే ఉదాహరణలు, అన్నీ ఆ బిడ్డ చుట్టూ తిరగాలి. ప్రాక్టికల్స్‌లో వేరే పిల్లలతోనూ పనిచేస్తారు, చేయాలి కూడా. కానీ మధ్యలో గుంజలా నిలబడేది ఆ ఒక్క బిడ్డే.

చేరకముందే చూసుకోవాల్సినవి

మీ కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి. కాలేజీకి గుర్తింపు ఉంటే సరిపోదు. మీరు చేరే స్పెషలైజేషన్‌కు, మీరు చేరే విద్యా సంవత్సరానికి ఉండాలి. ఈ సంస్థ 1992 నాటి చట్టంతో ఏర్పడింది. కోర్సు అయ్యాక అక్కడ రిజిస్టర్ చేసుకుంటే సీఆర్ఆర్ (సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్) నంబర్ వస్తుంది. ఆ నంబర్ లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడానికి చట్టం ఒప్పుకోదు. బోర్డు మీద పేరు పెద్దగా ఉంది, ఎవరో బంధువు చెప్పారు అని ఫీజు కట్టేయకండి.

పేపర్లన్నీ ఒకదానికొకటి ఎలా కలుస్తాయి

ఆర్‌సీఐ 2015 సిలబస్ చదివినవాళ్లకు ఏ నుంచి ఎఫ్ వరకు ఏరియాలు తెలుసు. బాల్యం, పెరుగుదల, బోధనా పద్ధతుల వంటి కోర్ పేపర్లు ఏ లో ఉంటాయి. సమ్మిళిత విద్య, ఇతర వైకల్యాల పరిచయం బీ లో వస్తాయి. సీ మీ స్పెషలైజేషన్. అందులోనే గుర్తింపు-అసెస్‌మెంట్, పాఠ్యప్రణాళిక మార్పులు, బోధనా వ్యూహాలు, టెక్నాలజీ, కుటుంబ సమస్యలు ఉంటాయి. ఈ, ఎఫ్ లు ప్రాక్టికల్స్. మీ యూనివర్సిటీ పేర్లు, వరుస కొంచెం మార్చి ఉండవచ్చు.

ఒక పెద్ద తెల్లకాగితం తీసుకుని మధ్యలో మీ బిడ్డకు పెట్టుకున్న మారుపేరు రాయండి. చుట్టూ పేపర్ల పేర్లు రాసి, ఒక్కో పేపర్‌కు ఆ బిడ్డ దగ్గర నుంచి ఏం దొరుకుతుందో గీత గీసి కలపండి. కుటుంబ సమస్యల అసైన్‌మెంట్‌కు ఆ తల్లితో మాట్లాడిన మాటలు పనికొస్తాయి. టెక్నాలజీ పేపర్‌కు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోనును వాడు ఎలా వాడతాడో చూసింది పనికొస్తుంది. సమ్మిళిత విద్య పేపర్‌కు ఆ ఊరి బడిలో వాడు ఏ బెంచీలో, ఎవరి పక్కన కూర్చుంటాడో పనికొస్తుంది. ఈ ఒక్క కాగితం మీ రెండేళ్లకు దారి చూపిస్తుంది.

బిడ్డను ఎంచుకోవడం

మన జిల్లాలో చోట్లకు కొదవ లేదు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఐఈఆర్‌పీలు, అంటే ఈ పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్లు ఉంటారు, ఫిజియోథెరపీ రోజులుంటాయి, కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లే రోజులూ ఉంటాయి. 1969 నుంచి ఈ ప్రాంతంలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వినికిడి, చూపు, మేధో వైకల్యాలున్న పిల్లల బడులున్నాయి. మీ ఊరి ప్రభుత్వ బడిలోనే ఒక బిడ్డ ఉండొచ్చు. కాలేజీ నుంచి లెటర్ తీసుకుని వెళ్లండి, హెడ్మాస్టర్ గారితో ముందుగా మాట్లాడండి.

మరీ తేలికపాటి సమస్య ఉన్న బిడ్డను ఎంచుకుంటే నేర్పడానికి, నేర్చుకోవడానికి పెద్దగా మిగలదు. మరీ తీవ్రంగా ఉంటే, మొదటిసారి చేస్తున్న మీరు రెండు నెలల్లో నిరుత్సాహపడిపోతారు. మధ్యస్థంగా ఉన్న బిడ్డను, మీరు వారానికి కనీసం మూడు రోజులు వెళ్లగలిగే దూరంలో చూసుకోండి. ఇంట్లో మాట్లాడే మనిషి ఒకరైనా ఉండాలి. అమ్మ, అవ్వ, అక్క, ఎవరైనా సరే.

మన జిల్లావాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "చెనిక్కాయ కోతలయ్యాక బెంగుళూరు పోతారా మా?" నేను మొదట ఎంచుకున్న పాపతో నెలన్నర పనిచేశాను. ఖరీఫ్ పంట దక్కలేదు. ఒక సోమవారం వెళ్లి చూస్తే ఇంటికి తాళం. కూలి పనులకు వెళ్లిపోయారు, ఉగాదికి గానీ రారని పక్కింటామె చెప్పింది. రికార్డు మొత్తం మళ్లీ మొదలుపెట్టాను. రికార్డు సంగతి పోనివ్వండి, ఆ పాపకు అప్పుడప్పుడే పలకడం వస్తున్న మూడు మాటలు ఏమయ్యాయో అన్న బెంగ నాకు ఈనాటికీ ఉంది. వలస వెళ్లే కుటుంబమని తెలిస్తే ఆ బిడ్డను వదిలేయమని నేను చెప్పను. తెలిసి ఎంచుకోండి. వెళ్లేలోపు ఏం నేర్పవచ్చో, అక్కడ కూడా అమ్మ చేయగలిగినవేమిటో ముందే ప్లాన్ చేసుకోండి.

అనుమతి లేకుండా ఒక్క అక్షరం రాయకండి. తెలుగులో అరపేజీ రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. రికార్డులో అసలు పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు రాయకూడదు. ఫోటో పెట్టాల్సి వస్తే ముఖం కనబడకుండా తీయండి. ఈ అనుమతి దగ్గరే చాలామంది తల్లులు ఒక మాట అడుగుతారు: "ఇది రాస్తే పింఛను ఎత్తేస్తారా మేడం?" ఆ భయం నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ రికార్డు కాలేజీకి మాత్రమే వెళ్తుందని, సదరం సర్టిఫికెట్‌కు దీనితో సంబంధం లేదని నిదానంగా, రెండుసార్లు చెప్పండి. ఆ భయం పోకపోతే బిడ్డకు వచ్చిన పనిని కూడా ఆమె రాదనే చెబుతుంది.

నేను చివరికి పనిచేసిన పిల్లవాడికి అప్పుడు పదకొండేళ్లు, మేధో వైకల్యం ఉంది. ఇక్కడ చిన్నా అని పిలుస్తాను.

కేస్ హిస్టరీ ఎలా అడగాలి

మొదటి రెండు రోజులు ఏమీ రాయకండి, ఊరికే చూడండి. ఎవరు పిలిస్తే తిరిగి చూస్తాడు, ఏ వస్తువు వెనక పడతాడు, దేనికి భయపడతాడు, ఆకలేస్తే ఎలా చెబుతాడు? సాయంత్రం ఇంటికి వచ్చాక గుర్తున్నది రాసుకోండి.

మూడో రోజు అమ్మతో కూర్చోండి. "ఎన్నో నెలలో నడిచాడు?" అని ఫారం చూసి అడిగితే "గుర్తులేదు" అనే వస్తుంది. మామూలుగా పిల్లలు మూడు నెలలకు మెడ నిలుపుతారు, ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య కూర్చుంటారు, ఏడాదికి అటూ ఇటూ అడుగులేస్తూ ఒకటి రెండు మాటలంటారు. ఆ లెక్క మీ మనసులో పెట్టుకుని ఆమె జ్ఞాపకాల వైపు నుంచి అడగండి. పుట్టిన తర్వాత వచ్చిన మొదటి సంక్రాంతికి ఒళ్లో కూర్చున్నాడా? పుట్టెంట్రుకలు తీసినప్పుడు నడుస్తున్నాడా, ఎత్తుకునే ఉన్నారా? చెల్లెలు కడుపులో పడ్డప్పుడు మాటలొచ్చాయా? ఇలా అడిగితే చిన్నా తల్లి గంటసేపు మాట్లాడింది.

కాన్పు ఎక్కడ అయింది, పుట్టగానే ఏడ్చాడా, పచ్చకామెర్లు వచ్చాయా, ఫిట్స్ ఎప్పుడు మొదలయ్యాయి, ఏ మందులు వాడుతున్నారు అన్నవి తప్పనిసరి. మేనరికం ప్రశ్న మాత్రం జాగ్రత్తగా అడగాలి. మన దగ్గర మేనమామను, మేనబావను చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్న వినగానే, "నా వల్లే ఇలా పుట్టాడు" అన్న మాట ఆ తల్లి గొంతుదాకా వస్తుంది. బంధుత్వం చివర్లో, మామూలుగా, "మీవాళ్లూ ఆయనవాళ్లూ ముందునుంచే చుట్టాలేనా?" అని అడగండి. జవాబు రాసుకుని ముందుకు వెళ్లిపోండి, అక్కడ ఉపన్యాసం వద్దు.

సదరం సర్టిఫికెట్ చూడండి, పర్సెంటేజీ నోట్ చేసుకోండి. నలభై శాతం, ఆపైన ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం బెంచ్‌మార్క్ వైకల్యం కిందకు వస్తుంది, ప్రయోజనాలకు అది అవసరం. ఆ అంకె చూసి వాడికి ఏం వచ్చో, ఏం రాదో చెప్పలేం. "ప్రస్తుత స్థాయి" అన్న కాలమ్‌లో డెబ్బై శాతం అని రాసి వదిలేసిన రికార్డులు చాలా చూశాను. ఆ కాలమ్‌లో ఉండాల్సింది వాడు చేయగలిగే పనులు.

అసెస్‌మెంట్: రాదు, చూడలేదు అన్నవి వేరు

మేధో వైకల్యం స్పెషలైజేషన్‌గా తీసుకున్నవాళ్లు ఎక్కువగా ఎండీపీఎస్, ఎఫ్‌ఏసీపీ, బేసిక్-ఎంఆర్ అనే అసెస్‌మెంట్ చెక్‌లిస్టులు వాడతారు. ఎండీపీఎస్ లో 18 విభాగాలు, ఒక్కోదానిలో 20 చొప్పున మొత్తం 360 అంశాలున్నాయి. ఎఫ్‌ఏసీపీ, బేసిక్-ఎంఆర్ లు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో తయారయ్యాయి. అప్పట్లో దాన్ని ఎన్ఐఎంహెచ్ అనేవాళ్లు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. ఎఫ్‌ఏసీపీ లో పిల్లవాడు ఒక స్థాయిలో 80 శాతం సాధిస్తే పై స్థాయికి వెళ్తాడు. సొంతంగా చేశాడా, మాటతో చెబితే చేశాడా, చెయ్యి పట్టుకుని చేయిస్తే చేశాడా అన్న తేడా కూడా రాయాలి.

అందులో అవకాశమే దొరకని పనికి వేరే గుర్తు ఉంటుంది. దాన్ని వాడడానికి మొహమాటపడకండి. చెంచాతో తినడం అన్న అంశం దగ్గర నేను చిన్నాకు "రాదు" అని పెట్టబోయాను. వాళ్ల ఇంట్లో సంగటి ముద్ద చేత్తో తింటారు. వాడు ముద్దను తుంచి, ఊరుబిండిలో అద్ది, కింద మెతుకు పడకుండా తింటాడు. వేళ్ల పట్టు, చేతికీ కంటికీ పొందిక, అన్నీ అందులో ఉన్నాయి. చెంచా వాడి చేతికి ఎవరూ ఇవ్వలేదు, అంతే. అక్కడ "రాదు" అని పెడితే వాడికి చేతకానిదేదో నేనే కల్పించినట్టు అవుతుంది. ఇలాంటి చోటల్లా గుర్తు పక్కనే ఒక వాక్యం రాయండి. వైవాలో దాన్ని చూసే ఎగ్జామినర్ సంతోషిస్తారు.

ఒకే రోజు చెక్‌లిస్టు మొత్తం పూర్తిచేయాలని చూడకండి. పిల్లవాడు అలసిపోతే వచ్చిన పనులు కూడా చేయడు. నాలుగైదు రోజులు తీసుకుని, కొన్ని బడిలో, కొన్ని ఇంట్లో చూడండి. అమ్మ చెప్పినదానికి ఒక రంగు పెన్ను, మీరు కళ్లారా చూసినదానికి ఇంకో రంగు పెన్ను వాడితే తర్వాత గందరగోళం ఉండదు.

ఐఈపీ: లక్ష్యం ఎలా రాయాలి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మార్కులు పోయేదీ, బిడ్డకు మేలు జరిగేదీ ఇక్కడే.

లక్ష్యాల కోసం ముందు పుస్తకం తెరవకండి, ఇంట్లోవాళ్లను అడగండి. చిన్నా తల్లిని "వాడు ఏం నేర్చుకుంటే మీకు ఇంట్లో కాస్త ఊరట?" అని అడిగితే, "అంగడికి పోయి పాల ప్యాకెట్టు తెచ్చినాడంటే సాలు మేడం, పొద్దున్నే పొయ్యి కాడనుంచి నేను లేసేపనుండదు" అంది. నా లిస్టులో అప్పటికి రంగుల గుర్తింపు, ఆకారాల గుర్తింపు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి పాల ప్యాకెట్టునే ఏడాది లక్ష్యంగా తీసుకున్నాను. డబ్బు, దారి, పలకరింపు, చిల్లర లెక్క, రోడ్డు దాటడం, అన్నీ ఆ ఒక్క పనిలోనే వచ్చాయి.

ఏడాదికి మూడు నుంచి ఐదు లక్ష్యాలు చాలు. ఒక్కోదాన్ని చిన్న చిన్న లక్ష్యాలుగా విడగొట్టండి. "చిన్నాకు డబ్బు గురించి అవగాహన కలుగుతుంది" అని రాస్తే, కలిగిందో లేదో ఎవరు చెప్పగలరు? ఇలా రాయండి: "పది రూపాయల నోటు, ఇరవై రూపాయల నోటు ముందు పెట్టి 'ఇరవై ఇవ్వు' అని అడిగినప్పుడు, చిన్నా ఐదుసార్లలో నాలుగుసార్లు సరైన నోటు తీసి ఇస్తాడు." ఏ పరిస్థితిలో, ఏ పని, ఎంత బాగా అన్న మూడూ ఇందులో ఉన్నాయి. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ ఈ మూడు ప్రశ్నలతో చూడండి. "తెలుసుకుంటాడు", "అర్థం చేసుకుంటాడు", "ఆనందిస్తాడు" అన్న మాటలు కనబడితే కొట్టేసి, కంటికి కనబడే పని పెట్టండి. తీసి ఇస్తాడు, చూపిస్తాడు, జత చేస్తాడు, అడుగుతాడు, ఇలాంటివి.

తర్వాత టాస్క్ అనాలిసిస్, అంటే ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం. చేతులు కడుక్కోవడాన్ని నేను పుస్తకంలో ఉన్నట్టే ఎనిమిది మెట్లుగా రాసుకున్నాను, మొదటి మెట్టు "కొళాయి తిప్పడం". చిన్నా ఇంట్లో కొళాయి లేదు. నీళ్లు పట్టి నింపుకునే డ్రమ్ము, ఒక చెంబు ఉన్నాయి. ఆ రోజు అక్కడే నిలబడి ఆ చెంబుతో నేనే చేతులు కడుక్కుని చూశాను. పదమూడు మెట్లు అయ్యాయి. వాటిలో కష్టమైనది సబ్బు రాసుకున్న చేత్తో చెంబు ఎత్తడం, జారిపోతుంది. పిల్లవాడు ప్రతిసారీ అక్కడే ఆగిపోయి నీళ్లు మీద పోసుకుంటున్నాడు, ఇంట్లోవాళ్లు తిడుతున్నారు. పిడి ఉన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టించాక వారం తిరక్కుండా ఆ మెట్టు దాటాడు. మీరు ఏ పని నేర్పాలనుకున్నా, ఆ బిడ్డ ఇంట్లో, ఆ బిడ్డ వస్తువులతో, ముందు మీ చేతులతో చేసి చూడండి. ఆ తర్వాతే మెట్లు రాయండి.

మెట్లు నేర్పే వరుస రెండు రకాలు. మొదటి మెట్టు నుంచి ముందుకు వెళ్లవచ్చు, చివరి మెట్టు నుంచి వెనక్కి రావచ్చు. నిక్కరు వేసుకోవడం, చేతులు కడుక్కోవడం లాంటివాటికి నేను వెనక నుంచి వచ్చే పద్ధతినే ఇష్టపడతాను. పన్నెండు మెట్లు మీరు సాయం చేసి, టవల్‌తో తుడుచుకునే చివరి మెట్టు వాడికి వదిలేయండి. మొదటి రోజు నుంచే "నేను పూర్తిచేశా" అన్న సంతోషం వాడికి దక్కుతుంది. అది వచ్చాక చివరి రెండు, తర్వాత చివరి మూడు. సాయం కూడా మెల్లగా తగ్గించాలి. చెయ్యి పట్టుకుని చేయించడం, తర్వాత మోచేతి దగ్గర తాకడం, తర్వాత వేలితో చూపించడం, తర్వాత మాట, చివరికి ఏదీ లేకుండా. ఏ రోజు ఏ మెట్టుకు ఏ సాయం అవసరమైందో గళ్ల కాగితం మీద గుర్తుపెట్టుకుంటే అదే మీ మూల్యాంకనం.

"మొండితనం" అని రాయకండి

బిహేవియర్ రికార్డులో "మొండిగా ప్రవర్తిస్తాడు", "కోపం ఎక్కువ" అని రాస్తే లాభం లేదు. ఏం చేశాడు, ఎన్నిసార్లు, ఎంతసేపు? దానికి ముందు ఏం జరిగింది, ఆ వెంటనే ఏం జరిగింది? చిన్నా తన చేతిని తానే కొరుక్కునేవాడు. మూడు రోజులు గడియారం పెట్టుకుని రాస్తే, బెల్లు మోగిన వెంటనే ఎక్కువగా జరుగుతోందని తేలింది. కొరుక్కోగానే ఆయా వాణ్ని వరండాలోకి తీసుకెళ్లేది. అంటే ఆ చప్పుడు నుంచి తప్పించుకునే దారి వాడికి అదొక్కటే. వాణ్ని గంటకు దూరంగా ఉన్న గదిలో కూర్చోబెట్టాం. గంట కొట్టే ముందు చెప్పాం. చెవులు మూసుకుని "బయటికి" అన్నట్టు చెయ్యి చూపించడం నేర్పాం. కొరుక్కోవడం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. రికార్డులో అలాగే రాశాను. కొట్టడం, చీకటి గదిలో పెట్టడం, తిండి ఆపడం లాంటివి ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోకండి.

మీ స్పెషలైజేషన్ కాని చోట కూడా చెయ్యి పెట్టండి

బీ ఏరియా పరిచయ పేపర్లను చాలామంది గైడు చదివి దాటేస్తారు. భవిత కేంద్రంలో మీ ముందుకు అన్ని రకాల పిల్లలూ వస్తారు.

వినికిడి గురించి తెలుసుకోవాలంటే ముందు అద్దం ముందు నిలబడి, గొంతు పెగలకుండా "పాట, బాట, మాట" అని పలకండి. పెదవులు మూడింటికీ ఒకేలా కదులుతాయి. పెదవులు చూసి అర్థం చేసుకునే బిడ్డకు సందర్భం ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకూడదని ఎందుకంటారో కూడా. ఆడియోగ్రామ్‌లో ఎర్ర సున్నా కుడి చెవి, నీలం ఇంటూ ఎడమ చెవి. గుర్తులు కిందకు పోయేకొద్దీ వినికిడి తక్కువ. రెండు చెవుల్లో 70 డెసిబెల్స్, ఆపైన లోపం ఉంటే 2016 చట్టం బధిరత అంటుంది, 60 నుంచి 70 మధ్య అయితే వినికిడి తక్కువగా ఉన్నవారి కింద లెక్క. సైగల భాష కోసం పీఎం ఈ-విద్యలో 31వ ఛానల్ ఉంది. రోజుకు ఐదు సైగలు నేర్చుకున్నా ఏడాదిలో పిల్లలతో కబుర్లు చెప్పగలరు.

బ్రెయిలీ పలక, చుక్కలు పొడిచే స్టైలస్ దొరికితే మీ పేరు రాసి చూడండి. కాగితం వెనక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాస్తాం, తిప్పి ఎడమ నుంచి చదువుతాం. ఆరు చుక్కల్లో ఒకటో చుక్క అ, ఒకటి-మూడు కలిస్తే క. తెలుగు బ్రెయిలీలో ఒత్తు అక్షరం కిందకు దిగదు, గుణింతం నెత్తి మీదకు ఎక్కదు, అన్నీ ఒకే వరుసలో వస్తాయి. ఇది తెలియకుండా చూపులేని బిడ్డకు "క కింద క వత్తు" అని చెబితే వాడికి ఏమీ అర్థం కాదు.

అభ్యసన వైకల్యం గురించి రాసేటప్పుడు ఇంగ్లిష్ పుస్తకాల్లోని బీ, డీ తారుమారు ఉదాహరణలే దించకండి. మన పిల్లల నోట్‌బుక్కులు చూడండి. ద-ధ, బ-భ, ప-ష, ఘ-ఝ, మ-య తడబడతారు. దీర్ఘం వదిలేస్తారు. "ఉత్సవం" లాంటి మాటలో ఒత్తు దగ్గర ఆగిపోతారు, లేదా ఒత్తును ముందు చదివేస్తారు. ఒకే బిడ్డ మూడు వారాల డిక్టేషన్ పేజీలు తీసుకుని తప్పులను రకాలుగా వేరుచేస్తే అదే మంచి అసైన్‌మెంట్.

టీఎల్‌ఎం, లెసన్ ప్లాన్

ఫ్యాన్సీ షాపులో చార్టులు, థర్మాకోల్ కొని వెయ్యి రూపాయలు ఖర్చుపెట్టకండి. ముందు అసలు వస్తువు, తర్వాత బొమ్మ నమూనా, తర్వాత చిత్రం, చివర్లో అక్షరం. లెక్కింపుకు చెనిక్కాయలున్నాయి, చింతగింజలున్నాయి. నోట్లో పెట్టుకునే పిల్లలైతే పెద్ద సీసా మూతలు వాడండి. డబ్బు పాఠానికి నకిలీ నోట్లు పనికిరావు, అసలు నోట్లే కావాలి. చిన్నా నకిలీ నోటును ఒక్కసారి వేళ్లతో తడిమి పక్కన పడేశాడు. బిడ్డ చేతికి అందని టీఎల్‌ఎంను రికార్డులో చూపించకండి.

మామూలు బడిలో పాఠం చెప్పే ప్రాక్టికల్‌కు వెళ్లినప్పుడు క్లాస్ టీచర్ మీద విమర్శ పెట్టుకోకండి. ఆమె ముందు నలభై మంది ఉంటారు. "ఈ పాఠంలో చిన్నాకు నాలుగు ముఖ్యమైన మాటలు చాలు, బొమ్మలు నేను తెస్తా" అనండి. పై తరగతుల పిల్లలకు స్క్రైబ్ (పరీక్ష రాసిపెట్టే సహాయకుడు) గురించి, పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని చెప్పే కేంద్ర మార్గదర్శకాల గురించి ఆమెకు వివరించగలిగితే మీరు వెళ్లాక కూడా అది పనికొస్తుంది.

రాయడం, వైవా

ఏ రోజుది ఆ రోజే రాయండి. రాత్రి పది నిమిషాలు చాలు. నెల తర్వాత కూర్చుని రాసేవాళ్ల రికార్డులో రోజులన్నీ ఒకేలా ఉంటాయి. రానిది రాలేదని రాయండి. నేను పెట్టుకున్న నాలుగు లక్ష్యాల్లో రెండు పూర్తయ్యాయి, ఒకటి సగంలో ఆగింది, ఒకటి అసలు కదల్లేదు. ఎందుకు కదల్లేదో రాసిన పేజీ గురించే వైవాలో ఎక్కువసేపు అడిగారు, మార్కులు తగ్గించలేదు.

చట్టాల ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. 1995 చట్టంలో ఏడు వైకల్యాలుండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. దాని 31వ సెక్షన్ ప్రకారం బెంచ్‌మార్క్ వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లుండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో చెప్పింది. ఈ అంకెలు బట్టీపట్టి అప్పజెప్పకండి. "నా కేస్‌లో బిడ్డకు పదకొండేళ్లు, నలభై శాతం దాటింది, కాబట్టి ఈ సెక్షన్ వర్తిస్తుంది, కానీ వాళ్ల ఊరి బడిలో ఇలా ఉంది" అని మీ బిడ్డతో ముడిపెట్టి చెప్పండి.

వెళ్లేముందు

ప్రాక్టికల్ అయిపోయిన రోజే మాయం కాకండి. రెండు వారాల ముందే అమ్మకు చెప్పండి. బిడ్డకు క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ చూపించండి. ఐఈపీ కాపీ ఒకటి భవిత కేంద్రంలోని టీచర్‌కు ఇచ్చి, ఏ మెట్టు దగ్గర ఆగారో కూర్చుని వివరించండి. ఇంటికి ఒకే ఒక్క కాగితం ఇవ్వండి. చిన్నా తల్లికి చదవడం రాదు, అందుకని బొమ్మలు గీశాను. డ్రమ్ము, మగ్గు, సబ్బు, టవల్. పక్కన అంగడి, ఇరవై రూపాయల నోటు, పది రూపాయల నోటు, పాల ప్యాకెట్టు. వాడు సొంతంగా చేసే మెట్ల పక్కన పచ్చ చుక్క, ఇంకా సాయం కావాల్సిన మెట్ల పక్కన ఎర్ర చుక్క. ఎర్రది పచ్చగా మారినప్పుడు ఆమే చుక్క పెట్టుకునేలా ఒక పచ్చ స్కెచ్ పెన్ను కూడా ఇచ్చి రండి.